పద్దెనిమిదేళ్ల పిల్లాడి రెండేళ్లు ఎవరి సొత్తు?

మోర్మన్ మిషనరీని చూసి నవ్వడం లోకానికి అలవాటైపోయింది. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల, జంటగా రెండు సైకిళ్లు. 2011 నుంచి బ్రాడ్‌వేలో ఆడుతున్న సంగీత నాటకం ఆ అమాయకత్వం మీదే టిక్కెట్లు అమ్ముకుంటోంది. నాకు ఆ నవ్వు వింటే ఒళ్లు మండుతుంది. ఒక కుర్రాడు నమ్మిన మాట కోసం ఇల్లూ చదువూ నేస్తాలనూ వదిలేసి, నోరు తిరగని భాషలో, ఎన్నడూ ఎరగని వీధిలో, మొహం మీద తలుపు వేయించుకుని కూడా పక్కింటి తలుపు తడుతున్నాడు. ఆ వయసులో మనలో ఎంతమందికి ఉండేది ఆ గుండె? వాణ్ణి గౌరవించాలి. నిలదీయాల్సింది వాడి రోజును గంటల లెక్కన రాసి చేతిలో పెట్టి, వాడి నమ్మకాన్ని అంకెల్లో వసూలు చేసుకుంటున్న పెద్దలను.

నేనుండేది యూటాలో. మా ఇరుగుపొరుగులో చాలామంది ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం’ సభ్యులు. మోర్మన్లని లోకం పిలిచేది వాళ్లనే. మంచి మనుషులు. మా ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అందరికంటే ముందు వండి తెచ్చేది వాళ్లే. వాళ్ల దేవుడితో నాకు పేచీ లేదు, వాళ్ల గ్రంథంతోనూ లేదు. నా పేచీ అంతా ఒక్క దానితోనే. వెళ్లడానికి ఎంత స్వేచ్ఛ ఉందో వెనక్కి రావడానికీ అంతే స్వేచ్ఛ ఉండాలి. అది లేనప్పుడు దానికి సేవ అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ జీవితం ఎలా గడుస్తుందో ముందు తెలుసుకోండి. ఏ దేశం వెళ్లాలో కుర్రాడు కోరుకోడు, సాల్ట్ లేక్ సిటీలోని పెద్దలు నిర్ణయించి పిలుపు పంపుతారు. ప్రోవోలోనో, మనీలాలోనో, సావో పాలోలోనో, అక్రాలోనో శిక్షణ. స్పానిష్ లాంటి భాషైతే సుమారు ఆరు వారాలు, జపనీస్ లాంటిదైతే తొమ్మిది. ఆ అరకొర మాటలతోనే వీధిలోకి దిగాలి. అక్కడ వాడి సొంత పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండరు. ఇంటిపేరుకు ముందు అబ్బాయైతే ఎల్డర్, అమ్మాయైతే సిస్టర్. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు.

పొద్దున ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్. ఎనిమిదింటికి లేఖనాల చదువు, తొమ్మిదింటికి సహవాసితో, అంటే జంటగా వేసిన తోటి మిషనరీతో, కలిసి మళ్లీ చదువు, ఆ పైన భాష. తర్వాత ఇక వీధే. ఎండైనా మంచైనా వానైనా వీధే. రాత్రి తొమ్మిదింటికి గది చేరాలి, రేపటి పని రాసుకోవాలి, పదిన్నరకు దీపం ఆర్పాలి. 2017లో ఈ పట్టికను కొంత సడలించారు, ఊరిని బట్టి గంటలు అటూ ఇటూ జరుపుకోనిచ్చారు. చట్రం మాత్రం కదల్లేదు. సినిమా లేదు, టీవీ లేదు, ప్రేమ కబుర్లు లేవు. రెండేళ్లూ సముద్రం ఒడ్డునే గడిపినా ఈతకు దిగకూడదు. చేతిలో ఫోను ఉంటుంది గానీ, దాని తెర పక్కవాడికి కనిపిస్తూ ఉండాలి. బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి నాలుగు మాటలు రాయడానికి వారానికి ఒక్క రోజు, ఎక్కువచోట్ల సోమవారం. అదీ నిండు రోజు కాదు, సాయంత్రమయ్యేసరికి మళ్లీ పనిలోకి.

క్రమశిక్షణ మంచిదే కదా అంటారా? పొద్దున్నే లేవడం మంచిదే. చదువుకోవడం మంచిదే. నా గుండె భగ్గుమనేది ఏకాంతం దగ్గర. ఆ రెండేళ్లూ స్నానాలగది తలుపు వేసుకున్నప్పుడు తప్ప ఆ పిల్లాడు ఒంటరిగా ఉండకూడదు. సహవాసి కంటికి కనబడుతూ, చెవికి వినబడుతూ ఉండాలి. ఆ సహవాసిని వాడు ఎంచుకోలేదు. సాధారణంగా ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. అప్పటిదాకా మనసు కలిసినా కలవకపోయినా ఒకే గది, ఒకే వీధి, ఒకే భోజనం. మనసు కలిసేలోపు ఆ మనిషి ఇంకో ఊరికి వెళ్లిపోవచ్చు. ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తే ఆ పిల్లాడు ఎక్కడికి పోయి ఏడవాలి? నమ్మకంలో చిన్న పగులు కనిపిస్తే దాని గురించి ఎక్కడ కూర్చుని ఆలోచించాలి?

ఈ సంఘం నిలబడిందే ఒక పిల్లవాడి ఏకాంతం మీద. 1820 వసంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో తర్వాత ఈ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ తన పద్నాలుగో ఏట ఒక్కడే చెట్ల మధ్యకు వెళ్లి, ఏ మతం నిజమో చెప్పమని ప్రార్థించాడని వాళ్ల విశ్వాసం. అతని వెంట కాపలాకు ఎవరూ వెళ్లలేదు. ఆ ప్రశ్న అడగడానికి అతను ఎవరి అనుమతీ తీసుకోలేదు. ఆ ఏకాంతాన్ని పవిత్రంగా తలచే సంఘమే తన పిల్లలకు ఒక్క గంట ఏకాంతం ఇవ్వడానికి భయపడుతోంది. ఎందుకు? ఒంటరిగా కూర్చున్నవాడు దేవుణ్ణి వెతుక్కోగలడని మీ ప్రవక్తే చూపించాడని నమ్ముతున్నారు కదా! మరి మీ పిల్లల్ని ఎందుకు నమ్మరు?

ఇక లెక్కలు. ఎంతమందికి పాఠం చెప్పారు, ఎంతమంది ఆదివారం ఆరాధనకు వచ్చారు, ఎంతమంది బాప్తిస్మానికి తేదీ ఒప్పుకున్నారు అన్నవి వారం వారం పైకి వెళ్తాయి. పైన జిల్లా నాయకుడు, అతని పైన జోన్ నాయకుడు, అందరి పైన మిషన్ అధ్యక్షుడు. జిల్లా, జోన్ నాయకులూ అదే ఈడు పిల్లలే. ఇరవై ఏళ్లవాడు పంతొమ్మిదేళ్లవాడి దగ్గర లెక్క అడుగుతాడు. అంకెలు మనుషుల మేలు కోరి రాసేవేనని పెద్దలు చెబుతారు. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక ముసలావిడ తన బాధ చెప్పుకుంటున్నప్పుడు, ఈ వారం ఈవిడ తేదీ ఒప్పుకుంటుందా అన్న ఆలోచన ఆ పిల్లాడి మనసులో మెదిలిందనుకోండి, వాడు ఆవిణ్ణి చూడటం ఆ క్షణమే మానేస్తాడు. ఆ తప్పు వాడిది కాదు. వాడి చేతిలో ఆ పట్టీ పెట్టినవాళ్లది.

లెక్క పిచ్చి ఎక్కడికి ఈడ్చుకెళ్తుందో వాళ్ల చరిత్రే చెబుతుంది. 1950ల చివర, 60ల మొదట్లో బ్రిటన్‌లో బేస్‌బాల్ ఆట ఎరవేసి కుర్రాళ్లకు బాప్తిస్మాలిచ్చారు. తామొక సంఘంలో చేరామన్న సంగతే వాళ్లలో చాలామందికి సరిగా తెలియదు. 1970ల చివర, 80ల మొదట్లో జపాన్‌లోని టోక్యో సౌత్ మిషన్‌లో వీధిలో పరిచయమైన కుర్రాళ్లకు హడావుడిగా వేల బాప్తిస్మాలు జరిగాయి. వాళ్లలో నిలిచినవాళ్లు కొద్దిమందే. చిలీలో సంఘం పుస్తకాల ప్రకారం అయిదు లక్షల మందికి పైగా సభ్యులుంటే, 2002 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు పైబడినవాళ్లలో తాము మోర్మన్లమని చెప్పుకున్నవాళ్లు లక్షా మూడు వేల పైచిలుకే. ఆ ఏడాదే జెఫ్రీ హాలండ్ అనే అపొస్తలుణ్ణి, అంటే సంఘపు పైస్థాయి పెద్దను, చిలీకి పంపి అక్కడి సంఘాలను చక్కదిద్దుకోవాల్సి వచ్చింది. ఈ మూడు చోట్లా నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చిన చేతులు ఇరవై ఏళ్ల పిల్లలవి. ఇంకా, ఇంకా అని పైనుంచి తరిమిన గొంతులు పెద్దలవి. తన చేత్తో బాప్తిస్మం పొందినవాళ్లు తర్వాత ఎవరూ మిగల్లేదని నలభయ్యో ఏట తెలుసుకుని కుమిలిపోయే మనిషికి ఆ పెద్దలు ఏం జవాబు చెబుతారు?

ఇవన్నీ దేవుడి పనికి తప్పని నియమాలని చెప్పేవాళ్లను ఒకటి అడుగుతాను. 2019 ఫిబ్రవరి దాకా మిషనరీ అమ్మానాన్నలతో ఫోనులో మాట్లాడేది ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్‌కూ అమ్మల దినానికీ. ఫిబ్రవరి 15న ప్రకటన వచ్చింది, అప్పటి నుంచి ప్రతి వారం మాట్లాడుకోవచ్చు. 2018 డిసెంబరు దాకా దాదాపు అన్నిచోట్లా అమ్మాయిలు స్కర్టుల్లోనే తిరగాలి. మంచు కురిసే ఊళ్లలోనూ అదే నియమం. డిసెంబరులో ప్యాంటు వేసుకోవచ్చన్నారు. 2020లో కొన్నిచోట్ల అబ్బాయిలకు టై లేకున్నా సరేనన్నారు. ఒక్క ప్రకటనతో మారిపోయిన నియమాలివి. అంటే అవి మొదటి నుంచీ ఆఫీసు నియమాలే. మరి అంతకుముందు తరాల పిల్లలు తల్లి గొంతు కోసం నెలల తరబడి ఎందుకు కాచుకోవాల్సి వచ్చింది? చలికి మోకాళ్లు బిగుసుకుపోయిన ఆడపిల్లలకు ఎవరైనా క్షమాపణ చెప్పారా? ఇన్ని మార్చగలిగినవాళ్లు మిగిలినవీ రేపే మార్చగలరు. మార్చకపోవడం వాళ్ల నిర్ణయం. ఆ నిర్ణయానికి వాళ్లే బాధ్యులు.

డబ్బు సంగతికొద్దాం. ఈ పిల్లలకు జీతం లేదు. పైపెచ్చు వాళ్లే కడతారు. అమెరికా మిషనరీ నెలకు 400 డాలర్లు కట్టేవాడు, 2020 జూలై నుంచి 500. అబ్బాయికి రెండేళ్లకు 12,000 డాలర్లు. అందుకోసం పదేళ్ల వయసు నుంచే వేసవుల్లో పచ్చిక కోసి, మంచు ఎత్తి, డబ్బు దాచుకునే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. కట్టలేని ఇంటికి సంఘం సాయపడుతుంది, అసలు ఖర్చులో మిగతా భాగం తామే భరిస్తున్నామనీ పెద్దలంటారు. సరే. అదే సంఘం పెట్టుబడులు చూసే ఎన్‌సైన్ పీక్ అనే సంస్థ డొల్ల కంపెనీల చాటున షేర్లను దాచిందనీ, 2018 నాటికి ఆ షేర్ల విలువ సుమారు 3,200 కోట్ల డాలర్లకు చేరిందనీ అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ తేల్చింది. 2023 ఫిబ్రవరిలో ఎన్‌సైన్ పీక్ 40 లక్షల డాలర్లు, సంఘం 10 లక్షల డాలర్లు జరిమానా కట్టాయి. ఇంత సంపద ఉన్న ఇంట్లో పచ్చిక కోసి కూడబెట్టిన పిల్లాడి 500 డాలర్ల కోసం చెయ్యి చాచడం సిగ్గుచేటు. త్యాగం నేర్పడానికే అని వాదించకండి. వాడు తన వయసులోంచి రెండేళ్లు ఇచ్చాడు. ఇంకేం ఇవ్వాలి?

అన్నిటికన్నా పెద్ద దుర్మార్గం తిరిగిరావడంలో ఉంది. గడువు పూర్తి చేసి వచ్చినవాడికి విమానాశ్రయంలో బెలూన్లు, బ్యానర్లు, కళ్లనీళ్లు. 2020లో తెరిచిన కొత్త సాల్ట్ లేక్ విమానాశ్రయంలో ఇలా ఎదురుచూసే కుటుంబాలను దృష్టిలో పెట్టుకునే పెద్ద గది కట్టారు. మధ్యలో వచ్చినవాడి కోసం ఆ గదిలో ఎవరూ ఉండరు. మా వీధిలో ఒక కుర్రాడు దక్షిణ అమెరికా నుంచి అలా వచ్చేశాడు. నిద్ర పట్టక, అన్నం సయించక, బెంగతో చిక్కి సగమైపోయాడు. కాలు విరిగి వచ్చి ఉంటే వీధంతా పలకరించేది. విరిగింది మనసు కావడంతో తల్లిదండ్రులే కిటికీ తెరలు దించుకున్నారు. కనబడిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావు? పంతొమ్మిదేళ్లకే తను జీవితంలో ఓడిపోయాడని నమ్మిన మొహాన్ని నేను దగ్గర నుంచి చూశాను. వాడు ఎవరికీ ద్రోహం చేయలేదు. జబ్బు పడ్డాడు, ఇంటికొచ్చాడు. దానికి నేరస్థుడిలా తల దించుకుని బతకాలా?

మానసిక ఆరోగ్యం గురించి సంఘానికి పట్టింపు లేదనను. సలహాదారులున్నారు. మిషనరీ జీవితానికి సర్దుకోవడం ఎలాగో చెప్పే చిన్న పుస్తకాన్ని 2013లో అచ్చేశారు. ఊళ్లోనే ఉండి చేసే సేవా మిషన్ కూడా పెట్టారు. మంచిదే. కానీ పట్టికకు తగ్గట్టు పిల్లాడు సర్దుకోవాలని చెప్పడానికి పుస్తకం ఉంది. పిల్లాడికి తగ్గట్టు పట్టిక సర్దుకోవాలని ఎవరు రాస్తారు?

ఎవరి బలవంతమూ లేదు, ఇష్టపడే వెళ్తున్నారు అన్నది వాళ్ల పెద్ద వాదన. ఆ ఇష్టం ఎలా తయారవుతుందో చూడండి. అర్హతా శక్తీ ఉన్న ప్రతి యువకుడూ మిషన్‌కు వెళ్లాలని 1974లో సంఘానికి అప్పటి అధ్యక్షుడు స్పెన్సర్ కింబాల్ చెప్పాడు. అప్పటి నుంచి అది మగపిల్లాడి విధి. బడికి వెళ్లే ఈడు రాకముందే చర్చిలో మిషన్ పాటలు నేర్పుతారు. మిషన్ పూర్తి చేసినవాణ్ణే పెళ్లాడాలని అమ్మాయిలు వింటూ పెరుగుతారు. తాత వెళ్లాడు, తండ్రి వెళ్లాడు, అన్న ఫోటో గోడ మీద ఉంది. అప్పుడు పద్దెనిమిదేళ్లవాడు ‘నేను వెళ్లను’ అంటే దేవుడికీ తాతకీ తల్లికీ కాబోయే భార్యకీ కలిపి ఒకేసారి కాదన్నట్టు. 2012 అక్టోబరులో అబ్బాయిల వయసు 19 నుంచి 18కీ, అమ్మాయిల వయసు 21 నుంచి 19కీ తగ్గించారు. దాంతో అబ్బాయికి ఉన్న ఒక్క ఏడాది వ్యవధీ పోయింది. ఇంటికి దూరంగా ఒక గదిలో ఉండి, కాలేజీలో నాలుగు రకాల మనుషుల్ని కలిసి, వెళ్లాలా వద్దా అని తనంతట తాను తేల్చుకునే ఏడాది అది. కాదనే దారి మూసేసి, అవునన్నాడు కాబట్టి ఇష్టమే అనడం న్యాయం కాదు.

ఆ రెండేళ్లు తమను మనుషుల్ని చేశాయని చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల మాట నేను నమ్ముతాను. బ్రెజిల్ నుంచి వచ్చినవాడు పోర్చుగీసులో కలలు కంటాడు. ఫిలిప్పీన్స్ వెళ్లినవాడు తనకు అన్నం పెట్టిన పేదింటి తల్లిని జన్మంతా తలుచుకుంటాడు. ఆ ఘనత ఆ పిల్లలదీ, వాళ్లను గుమ్మంలోకి రానిచ్చిన మనుషులదీ. వారం వారం లెక్కలు రాయకపోయినా ఆ తల్లి అన్నం పెట్టేది. ఒక గంట ఒంటరిగా నడవనిచ్చినా వాడికి ఆ భాష వచ్చేది. మంచిని మనుషులు పండిస్తే దాని పేరు నియమాలు కొట్టేయకూడదు.

తెలుగువాళ్లకూ ఇందులో పాలుంది. సమోవాలో ఉంటూ అక్కడే ఈ సంఘంలో చేరిన తెలుగు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వస్తే, వాళ్ల బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో భారతదేశంలో ఆ సంఘపు మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన విభాగం, ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మోర్మన్ గ్రంథం తెలుగులో ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం, రాజమండ్రి నుంచి మన పిల్లలూ ఆ నల్ల పేరుబిళ్ల పెట్టుకుని వెళ్తున్నారు. ఆ ఇళ్లలో చాలావాటికి కొడుకు చదువే ఆస్తి. డిగ్రీ మొదలుపెట్టాల్సిన వయసులో వాడు రెండేళ్లు ఇచ్చేస్తాడు. ఆ తల్లిదండ్రులకు చేతులెత్తి చెబుతున్నాను: పంపాలనుకుంటే పంపండి. పంపే ముందు మాత్రం, ‘నువ్వు ఏ రోజు వచ్చినా మన ఇంటి తలుపు తెరిచే ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు’ అని కళ్లలోకి చూసి చెప్పండి. ఆ మాట చెప్పలేకపోతే పంపకండి.

ఇంకొందరికీ చెప్పాలి. మతమార్పిడి పేరు చెప్పి వీళ్ల మీదకి వెళ్లాలని చూసేవాళ్లకూ, వీళ్లది అసలు క్రైస్తవమే కాదని వేదికలెక్కి తిట్టే పాస్టర్లకూ నా మాట ఒక్కటీ అరువివ్వను. 1989 మే నెలలో బొలీవియాలోని లాపాజ్‌లో అమెరికా మీద కోపంతో ఒక ముఠా ఇద్దరు ఇరవై ఏళ్ల మిషనరీలను కాల్చి చంపింది. ఆ పిల్లల మీద ఎవరు చెయ్యెత్తినా నేను పిల్లల వైపే. మీ గుమ్మంలోకి వాళ్లొస్తే మంచినీళ్లివ్వండి. మాకు వద్దు బాబూ అని నెమ్మదిగా చెప్పండి. అన్నం తిన్నారా అని అడగండి. ఆ వారంలో వాళ్లను ఆ మాట అడిగినవాళ్లు మీరొక్కరే కావచ్చు.

సాల్ట్ లేక్ సిటీ పెద్దలారా, నేను కోరేవి మీకు అసాధ్యమైనవి కావు. వారం వారం లెక్క రాయించడం ఆపండి. ప్రతి పిల్లాడికీ రోజులో ఒక గంట ఏకాంతం ఇవ్వండి. పిల్లల దగ్గర డబ్బు కట్టించుకోవడం మానండి. వాళ్ల మనసు చూసే వైద్యుణ్ణి మిషన్ అధ్యక్షుడి గొలుసు నుంచి తప్పించండి, అక్కడ చెప్పుకున్న మాట ఎవరికీ చేరకూడదు. పద్దెనిమిదికీ పిలుపుకీ మధ్య కనీసం ఒక ఏడాది వాళ్లకే వదిలేయండి. మీ మహాసభ వేదిక మీద నిలబడి, మధ్యలో వచ్చినవాడూ పూర్తి చేసి వచ్చినవాడూ మాకు సమానమని నోరారా ప్రకటించండి. మధ్యలో వచ్చినవాళ్ల ఫోటోలూ పూర్తి చేసినవాళ్ల ఫోటోల పక్కనే గోడ మీద పెట్టండి.

ఇవన్నీ చేస్తే వెళ్లేవాళ్లు తగ్గిపోతారని మీకు భయం కావచ్చు. తగ్గనివ్వండి. పరువు భయంతో నిలబడ్డ వెయ్యిమంది కంటే, తలుపు బార్లా తెరిచి ఉన్నా కదలకుండా నిలబడ్డ పదిమంది మీ దేవుడికి ఎక్కువ పనికొస్తారు. పిలిచింది ఆయనేనని మీరు నిజంగా నమ్మితే ఆ పిల్లల చుట్టూ కాపలా అక్కర్లేదు. తీసేయండి. ఆ తర్వాత ఎవరు మిగులుతారో వాళ్లే మీ మిషనరీలు. మిగిలినవాళ్లంతా మీరు వాళ్ల తల్లులకు తిరిగి అప్పజెప్పాల్సిన పిల్లలు.